చెప్పు ముక్కతో కొర్రమీను లూర్: ఇంట్లో జిగ్ చేసే ముందు నేను చేసిన రెండు తప్పులు వినండి

ఈరోజు టేబుల్ మీద ఏమున్నాయో ఒకసారి చూడండి. తెగిపోయిన హవాయి చెప్పు ఒకటి. పాత స్టీల్ చెంచా ఒకటి. నాలుగైదు నట్లు. సగం ఎండిపోయిన గోళ్ల రంగు సీసా. పగిలిన బెలూన్లు. ఇవన్నీ చెత్తబుట్టలోకి పోవాల్సినవే. కానీ ఈ ఎపిసోడ్ అయ్యేసరికి వీటితో మూడు రకాల ఉత్తుత్తి ఎరలు, అంటే లూర్లు, ఎలా చేయాలో మీకు పూర్తిగా అర్థమవుతుంది.

అయితే ముందే ఒక మాట. ఇది ఐదు నిమిషాల క్రాఫ్ట్ వీడియో లాంటిది కాదు. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో రెండు పెద్ద తప్పులు చేశాను. ఒకటి నా కంటి మీదికి వచ్చింది. ఇంకోటి మా ఊరి చెరువులో కొన్ని వందల చేప పిల్లల మీదికి వచ్చింది. ఆ రెండూ చెప్పకుండా తయారీ మాత్రమే చూపిస్తే నాకే మనసొప్పదు. కాబట్టి చివరిదాకా ఉండండి.

లూర్ అంటే అసలు ఏంటి?

మన ఊళ్లలో గాలం అంటే వానపాము, పిండి ముద్ద, లేదంటే చిన్న చేప. అంటే నిజమైన తిండి పెట్టి పిలవడం. లూర్‌లో తిండి ఉండదు. తిండిలా కనిపించే, తిండిలా కదిలే వస్తువు ఉంటుంది. చేపను మోసం చేసేది దాని కదలికే.

అందుకే లూర్‌కి అన్ని చేపలూ పడవు. రవ్వ, బొచ్చె లాంటివి నీళ్లలో ఉండే సూక్ష్మజీవుల్ని, నాచుని, కుళ్లిన ఆకుల్ని తినే చేపలు. వాటి ముందు ఎంత అందమైన లూర్ ఆడించినా పెద్దగా పట్టించుకోవు. లూర్‌కి పడేవి వేటాడే చేపలు. మన చెరువుల్లో కొర్రమీను, మా వైపు కొర్రమట్ట అంటాం. నదుల్లో, రిజర్వాయర్లలో వాలుగ. కోస్తాలో నది సముద్రంలో కలిసే చోట పండుగప్ప. ఇవన్నీ కదిలేదాన్ని చూసి కొడతాయి.

ఇంకో సంగతి. చేపకి ఒంటికి రెండు పక్కలా, తల నుంచి తోక దాకా ఒక గీత లాంటిది ఉంటుంది. దాన్ని పార్శ్వ రేఖ అంటారు. నీళ్లలో చిన్న కదలిక వచ్చినా అది పసిగడుతుంది. బురద నీళ్లలో కూడా కొర్రమీను లూర్‌ని కరెక్టుగా ఎలా కొడుతుందంటే, దానికి కళ్లతో పాటు ఈ సెన్సర్ కూడా ఉంది కాబట్టి. అందుకే లూర్‌కి రంగు కంటే కదలిక ముఖ్యం. నేను మొదట్లో నాలుగు గంటలు కూర్చుని రంగులు వేసేవాణ్ని. బకెట్లో వేస్తే రాయిలా మునిగేది. ఏం లాభం చెప్పండి?

చెప్పులు కుట్టే కత్తితో మొదలైన కథ

ఇంట్లో చేసిన లూర్ షాపు లూర్‌లా పనిచేస్తుందా అని చాలామందికి డౌటు. దానికి ఒక నిజమైన కథ చెప్తా. ఫిన్లండ్‌లో లౌరి రాపాలా అని ఒకాయన. పైయన్నె అనే సరస్సులో చేపలు పట్టి బతికేవాడు. డబ్బున్నవాడు కాదు. పడవలో వెళ్తూ ఆయన ఒకటి గమనించాడు. పెద్ద చేప చిన్న చేపల గుంపు మీదికి వచ్చినప్పుడు అన్నింటినీ వదిలేసి, దెబ్బ తగిలి పక్కకి ఒరుగుతూ ఈదే ఒక్కదాన్నే పట్టుకుంటోంది. కష్టం తక్కువ కదా మరి.

1936లో ఆయన బిరడా చెక్కని, అంటే కార్క్‌ని తీసుకుని, చెప్పులు కుట్టేవాళ్లు వాడే కత్తితో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, దాని మీద చాక్లెట్ చుట్టే వెండి రేకు అంటించాడు. పైన నీళ్లు తగలకుండా పాత ఫోటో నెగెటివ్‌లు కరిగించి పూత వేశాడు. అది నీళ్లలో దెబ్బ తగిలిన చేపలా ఒరుగుతూ ఈదింది. ఈరోజు ప్రపంచమంతా అమ్ముడుపోయే రాపాలా లూర్లకి మూలం ఆ బిరడా ముక్కే.

నేను దీన్నుంచి నేర్చుకున్నది ఒక్కటే. ఆయన దగ్గర మంచి మెటీరియల్ ఏమీ లేదు. చేపని చూడ్డానికి బోలెడంత ఓపిక ఉంది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కోడ్ రాయకముందు యూజర్ ఏం చేస్తున్నాడో చూశాడన్నమాట.

మొదటి లూర్: చెప్పు కప్ప

కొర్రమీనుకి కప్ప అంటే ప్రాణం. ఊళ్లలో కొందరు బతికున్న కప్పనే గాలానికి గుచ్చుతారు. అది వద్దు. కప్పకి నరకం. పైగా పొలంలో పురుగుల్ని తినేవి కప్పలే. మన దేశం 1987లో కప్ప కాళ్ల ఎగుమతి ఆపేయడానికి అది కూడా ఒక కారణం. చెప్పు ముక్కతో చేసిన కప్ప అదే పని చేస్తుంది, మళ్లీ మళ్లీ చేస్తుంది.

స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందు చెప్పు అడుగు భాగం నుంచి 5 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు ముక్క కోయండి. మందం ఒకటిన్నర సెంటీమీటర్ ఉంటే చాలు. చెప్పు పలచగా ఉంటే రెండు ముక్కలు కలిపి అంటించండి. ముందు భాగాన్ని పడవ ముక్కులా పైకి లేచేట్టు కోయాలి. ఎందుకంటే అది తామరాకుల మీద నుంచి, గుర్రపుడెక్క మీద నుంచి జారుకుంటూ రావాలి. మొండిగా ఉంటే ప్రతి ఆకుకీ తగులుకుంటుంది. బ్లేడు ఎప్పుడూ మీ వైపు కాకుండా అవతలి వైపు కదలాలి. తర్వాత గరుకు కాగితంతో రుద్దండి.

రెండోది, మధ్యలో పొడవునా డబ్బనంతో రంధ్రం చేయండి. గోనె సంచులు కుట్టే డబ్బనమే. అందులోంచి 1 మిల్లీమీటర్ స్టెయిన్‌లెస్ స్టీల్ వైరు దూర్చండి. హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. ముందు ఒక రింగు, వెనక ఒక రింగు వచ్చేలా కటింగ్ ప్లేయర్‌తో వంచి, కనీసం నాలుగు చుట్లు తిప్పండి. లూర్‌లో ప్రాణం అంతా ఈ వైరులోనే ఉంది. చేప లాగేది చెప్పుని కాదు, వైరుని.

మూడోది గాలం. గాలాన్ని మాత్రం ఇంట్లో చేయకండి, కొనండి. 2/0 లేదా 3/0 సైజు చాలు. కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు ఉంటుంది కదా, దాన్ని ప్లేయర్‌తో నొక్కేయండి. చేపని వదిలేయాలంటే ఈజీగా వస్తుంది. మీ వేలికి గుచ్చుకున్నా ఈజీగా వస్తుంది. రెండోది ఎంత ముఖ్యమో నాకు తెలుసు. గాలాన్ని వెనక రింగుకి తగిలించి, కొన పైకి ఉండేట్టు చూడండి.

నాలుగోది, తోక దగ్గర మెరిసే రేకు. కూల్‌డ్రింక్ డబ్బా నుంచి వేపాకు ఆకారంలో కోసి, రెండు పొరలు అంటించి, అంచులు రుద్దండి. ఆ అంచు వేలిని బ్లేడులా కోస్తుంది, జాగ్రత్త. దీన్ని నేరుగా వైరుకి కట్టకండి. మధ్యలో గిర్రున తిరిగే చిన్న రింగు, అంటే స్వివెల్, పెట్టండి. లేకపోతే రేకు తిరిగినప్పుడల్లా దారం కూడా మెలికలు పడుతుంది.

ఐదోది కాళ్లు. బెలూన్‌ని సన్నని పీలికలుగా కోసి, గాలం మీద గుత్తిలా కట్టండి. గాలం దాగుతుంది, నీళ్లలో కాళ్లలా ఆడుతుంది. కళ్లకి గోళ్ల రంగు. ఒక రోజు ఆరనివ్వండి. అంతే.

తేలుతుందా మునుగుతుందా?

బీటెక్‌లో ఏం నేర్చుకున్నామో తెలీదు గానీ, స్కూల్లో చదివిన ఆర్కిమెడిస్ ఇక్కడ పనికొచ్చాడు. ఒక గ్లాసుని అంచు దాకా నీళ్లతో నింపి పళ్లెంలో పెట్టండి. చెప్పు ముక్కని సూదితో పూర్తిగా లోపలికి నొక్కండి. పళ్లెంలోకి పొర్లిన నీళ్లు తూకం వేయండి. నా ముక్కకి సుమారు 12 గ్రాముల నీళ్లు వచ్చాయి. అంటే గాలం, వైరు, రేకు అన్నీ కలిపి మొత్తం లూర్ బరువు 12 గ్రాముల లోపు ఉండాలి. దాటితే మునుగుతుంది. మరీ 5 గ్రాములే ఉంటే తేలుతుంది గానీ విసిరితే దూరం పోదు, గాలికి వెనక్కి వస్తుంది. నేను 9 నుంచి 10 గ్రాముల మధ్యలో ఉంచుతా.

బరువు తక్కువైతే కడుపు కింద, కొంచెం తోక వైపు, ఒక చిన్న నట్టు గుచ్చి అంటించండి. అప్పుడు తోక కొంచెం మునిగి, తల పైకి ఉంటుంది. నిజం కప్ప నీళ్లలో ఎలా కూర్చుంటుందో అలాగే. విసిరినప్పుడు తిరగబడినా సరిగ్గా సర్దుకుంటుంది.

రెండో లూర్: చెంచా

ఇది అన్నింటికంటే తేలిక. అమెరికాలో జూలియో బ్యూయెల్ అని ఒకాయన ఉండేవాడు. పడవలో తింటుంటే చెంచా నీళ్లలో పడిందని, దాన్ని ఒక చేప గబుక్కున అందుకుందని కథలా చెప్తారు. కథ సంగతి పక్కన పెడితే, ఆయనకి 1852లో చెంచా లూర్ మీద పేటెంట్ వచ్చింది. అంటే ఇది 170 ఏళ్ల పాత డిజైన్. ఇప్పటికీ పనిచేస్తోంది.

స్టీల్ చెంచా పిడిని హ్యాక్సా బ్లేడుతో కోసేయండి. కోసిన అంచుని ఆకురాయితో నున్నగా చేయండి. రెండు చివరలా, అంచు నుంచి 5 మిల్లీమీటర్ల లోపలికి, 3 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. చెంచాని చేత్తో పట్టుకుని డ్రిల్లు పెట్టకండి. డ్రిల్లు ఇరుక్కుంటే చెంచా ఫ్యాన్ రెక్కలా తిరుగుతుంది. చెక్కకి బిగించి చేయండి. మొన వైపు దారం, పిడి తెగిన వెడల్పు వైపు గాలం. మధ్యలో కీచైన్‌కి ఉండే చిన్న రింగులు వేయండి, గాలం స్వేచ్ఛగా ఆడాలి.

చెంచా ఎందుకు ఊగుతుంది? వంపు మీదుగా నీళ్లు పోతూ ఒకసారి కుడి పక్కన సుడి వదుల్తాయి, ఒకసారి ఎడమ పక్కన. ప్రతి సుడీ చెంచాని తన వైపు లాగుతుంది. అందుకే అది అటూ ఇటూ ఒరుగుతూ వస్తుంది. గాలికి కరెంటు తీగలు ఊగడం వెనక కూడా ఇలాంటి సుడులే ఉంటాయి. మరీ వేగంగా లాగితే చెంచా ఊగడం మానేసి గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు దారం మెలికలు పడుతుంది. మెల్లగా లాగండి.

మూడో లూర్: జిగ్

జిగ్ అంటే తల దగ్గర బరువు ఉన్న గాలం. విసిరి, అడుగుకి చేరనిచ్చి, ఒక జానెడు పైకి లేపి, మళ్లీ వదలాలి. లేపడం, వదలడం. చాలాసార్లు చేప కొట్టేది అది కిందికి పడుతున్నప్పుడే. దారం ఒక్కసారిగా వదులైనా, పక్కకి జరిగినా చేప పట్టినట్టే.

ఇక్కడే నా మొదటి తప్పు మొదలైంది. షాపులో దొరికే జిగ్‌లలో చాలావరకు బరువు సీసంతో ఉంటుంది. సీసం బరువెక్కువ, 327 డిగ్రీలకే కరుగుతుంది. అంటే మామూలు గ్యాస్ పొయ్యి చాలు. నేను ఏం చేశానంటే, పాత ఇనుప సామాను కొట్టులో సీసం తెచ్చి, పెరట్లో చిన్న సిలిండర్ పెట్టి, అమ్మ వాడని గిన్నె ఒకటి తీసుకుని కరిగించా. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో అచ్చు చేశా. పైకి పొడిగా కనిపించింది. లోపల తడి ఉందని నాకు తెలీదు.

సీసం పోయగానే టప్‌మని పేలింది. నీళ్లు ఆవిరైతే సుమారు 1600 రెట్లు వ్యాకోచిస్తాయి. ఆ చిన్న రంధ్రంలో ఉన్న తడి ఒక్క క్షణంలో ఆవిరై, కరిగిన సీసాన్ని నా ముఖం మీదికి చిమ్మింది. నాకు సైట్ ఉంది, కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నా. ఎడమ అద్దం మీద ఒక చుక్క గడ్డకట్టింది. ఇదిగో, ఆ అద్దాలు ఇప్పటికీ దాచుకున్నా, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా చూడండి. ఈ మచ్చ సరిగ్గా కనుపాప ముందు ఉంది. చేతి మీద ఇంకో మచ్చ ఉంది, అది లెక్కలోకి రాదు.

అమ్మ బయటికొచ్చి చూసి ఒక్క మాట అనలేదు. ఆ గిన్నె తీసుకెళ్లి పారేసింది. ఆ రాత్రి మాత్రం, "ఉద్యోగం వదిలేసినప్పుడు కూడా నేను ఇంత భయపడలేదురా" అంది.

పేలుడు ఒక్కటే కాదు సమస్య. సీసం విషం. పైన తేలే బూడిద లాంటి తెట్టు, వేడి ఎక్కువైతే వచ్చే పొగ, చేతికి అంటిన పొడి, ఇవన్నీ మెల్లగా ఒంట్లోకి పోతాయి. రక్తంలో ఇంత వరకు సీసం ఉంటే ఏం కాదు అనే సురక్షితమైన లెవెల్ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. చిన్న పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా సీసాన్ని పీల్చుకోగలదు. అది మెదడు ఎదుగుదల మీద దెబ్బ కొడుతుంది. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే ఐడియా అయితే ఇంకా ఘోరం, అందులో యాసిడ్ కూడా ఉంటుంది. సీసం గుండ్లని పళ్లతో నొక్కి దారానికి బిగించే అలవాటు కూడా మానేయండి.

నీళ్లలో తెగిపోయిన సీసం కథ వేరే. బ్రిటన్‌లో హంసలు సీసం గుండ్లని రాళ్లనుకుని మింగి చనిపోయేవి. పక్షులు తిండి నూరుకోవడానికి చిన్న రాళ్లు మింగుతాయి కదా. అందుకే అక్కడ 1987 నుంచి 28 గ్రాముల లోపు సీసం గుండ్లలో చాలా సైజులని నిషేధించారు. మన చెరువుల్లోనూ బాతులు, కొంగలు, నీటికోళ్లు ఉన్నాయి.

మరి సీసం లేకుండా జిగ్ ఎలా? ఇదిగో, స్టీల్ నట్టు. ఆరో నంబర్ నట్టు రెండున్నర గ్రాముల దగ్గర ఉంటుంది, ఎనిమిదో నంబర్‌ది సుమారు 5 గ్రాములు. గాలం చెవి నట్టులోంచి దూరుతుంది. నట్టుని చెవికి దగ్గరగా జరిపి, సన్నని రాగి వైరుతో చుట్టి, ఖాళీని ఎంసీల్‌తో నింపండి. ఎంసీల్‌ని గాలం వీపు వైపు, అంటే కొనకి ఎదురు వైపు, ఎక్కువ పెట్టండి. అప్పుడు బరువు కిందికి, కొన పైకి ఉంటుంది. అడుగున రాళ్లకి తగులుకోవడం తగ్గుతుంది. నట్టు వెనక ఊలు దారాలో, కోడి ఈకలో గుత్తిగా కట్టండి. గట్టిపడ్డాక నీళ్లలో వేయండి.

"అన్నా, స్టీల్ తేలిక కదా, సీసంలా పోదు కదా" అని అడుగుతారు. లెక్క చూద్దాం. సీసం సాంద్రత 11.34, స్టీల్‌ది 7.85. అంటే ఒకే బరువుకి స్టీల్ తల 1.44 రెట్లు పెద్దగా ఉంటుంది. నీళ్లలో వేస్తే 10 గ్రాముల సీసం 9.12 గ్రాములుగా లాగుతుంది. 10 గ్రాముల స్టీల్ 8.73 గ్రాములుగా లాగుతుంది. తేడా 4 శాతం చిల్లర. పారే నదిలో, లోతు నీళ్లలో సైజు వల్ల కొంచెం తేడా తెలుస్తుంది. నిలకడ చెరువులో మాత్రం కావాలంటే ఇంకో చిన్న నట్టు కలపండి, అయిపోయింది. ఈ లెక్క నేను ముందే వేసుకుని ఉంటే ఆ అద్దం మీద మచ్చ ఉండేది కాదు.

చెరువుకి వెళ్లే ముందు రెండు టెస్టులు

ఒకటి, బకెట్ టెస్టు. తేలుతుందా, తల పైకి ఉందా, గాలం కొన ఎటు ఉంది, చూడండి. రాపాలా కంపెనీ తన లూర్లని నీళ్ల తొట్టిలో ఈదించి చూసి పంపడానికి పేరు తెచ్చుకుంది. మనకి బకెట్ చాలు, చెంచాకి నీళ్ల డ్రమ్ము ఉంటే ఇంకా మంచిది.

రెండు, లాగుడు టెస్టు. సామాను తూచే స్ప్రింగ్ కాటాకి లూర్‌ని తగిలించి 5 కిలోల దాకా మెల్లగా లాగండి, కళ్లద్దాలు పెట్టుకుని. వైరు రింగు తెరుచుకుంటే మళ్లీ చేయండి. ఇది చేప పోతుందన్న బాధతో చెప్పట్లేదు. రింగు నీళ్లలో తెరుచుకుంటే, నోట్లో గాలం, వెనక బెలూన్ పీలికలు వేలాడుతూ ఆ చేప అలాగే తిరగాలి. తెగిపోయే లూర్ చేయడం కంటే చేయకపోవడం మేలు.

రెండో తప్పు

ఇప్పుడు అసలు విషయం. నా మొదటి చెప్పు కప్ప తయారైంది జూలైలో. వానలు పడ్డాయి, మా ఊరి చెరువు సగం నిండింది. మత్తడి పక్కన తుంగ దగ్గర నీళ్ల మీద వాన చినుకులు పడ్డట్టు చిన్న చిన్న బుడగలు వస్తున్నాయి. వాన లేదు. దగ్గరికెళ్లి చూస్తే నారింజ రంగులో బారెడు మేర చిన్న పిల్లల గుంపు. నేను కప్పని ఆ గుంపు అవతల వేసి, మధ్యలోంచి లాగా. రెండో లాగుడికే నీళ్లు పగిలాయి. కొర్రమీను. దాదాపు కిలోన్నర. నా చేత్తో చేసిన లూర్‌కి పడ్డ మొదటి చేప. వీడియో తీశా, అరిచా, గెంతా.

కట్ట మీద సొసైటీ పెద్దాయన ఒకాయన కూర్చుని ఉన్నాడు. చెరువులో చేపల హక్కు వాళ్లదే, ఆయన్ని అడిగే దిగాను. లేచి వచ్చి చేపని చూశాడు, నీళ్లు చూశాడు.

"బిడ్డా, గది ఆకలికి కొట్టిందనుకుంటున్నవా?"

"అవును పెద్దయ్యా, కప్ప అనుకుంది కదా."

"కాదు. పిల్లల మీదికి కప్ప వచ్చిందని కొట్టింది. పిల్లలున్న కొర్రమట్టను పట్టినవ్. ఇగ గా పిల్లలకెవరు దిక్కు?"

నేను చేపని వదిలేద్దామనుకునేసరికి ఆలస్యమైంది. ఫోటోల కోసం ఎండలో చాలాసేపు ఉంచాను. మర్నాడు పొద్దున అదే చోటికి వెళ్లా. గుంపు లేదు. తుంగ చుట్టూ కొంగలు. అక్కడక్కడా రెండు మూడు నారింజ చుక్కలు.

దీని వెనక సైన్స్ ఏంటంటే, కొర్రమీను గుడ్లు పెట్టి వెళ్లిపోయే చేప కాదు. ఎక్కువగా వానాకాలంలో, తుంగలో, గడ్డిలో గుడ్లు పెడుతుంది. పిల్లలు వచ్చాక కూడా వారాల తరబడి తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. కొర్రమీను మొప్పలతో పాటు నేరుగా గాలి కూడా పీలుస్తుంది. పిల్లలు గాలి కోసం గుంపుగా పైకి వస్తాయి, అందుకే ఆ బుడగలు. ఆ టైములో గుంపు మీదికి ఏది వచ్చినా, కర్ర ముక్క వచ్చినా, పెద్ద చేప కొడుతుంది. కాబట్టి అప్పుడు కొర్రమీనుని పట్టడానికి నైపుణ్యం ఏమీ అక్కర్లేదు. ఒక్క చేపని తీస్తే మొత్తం గుంపు పోతుంది.

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఇచ్చే చేప ప్రసాదంలో వాడేది కూడా కొర్రమీను పిల్లనే. మార్కెట్లో ఎంత రేటు పలుకుతుందో మీకు తెలుసు. నాకది ఒక వీడియో. సొసైటీ వాళ్లకి మాత్రం అది వచ్చే ఏడాది సంపాదన. ఆ వీడియో బాగానే ఆడింది, కొత్త ఛానల్‌కి అది చాలా ఎక్కువ. అయినా తీసేశా. ఎందుకంటే దాన్ని చూసి పిల్లల గుంపు వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు ఉంటారు.

నేను ఇప్పుడు పాటించేవి ఇవి. వానలు మొదలైన దగ్గర్నుంచి పిల్లలు విడిపోయేదాకా కొర్రమీను మీద లూర్ వేయను. ఎప్పుడైనా సరే నారింజ గుంపు కనిపిస్తే లూర్ చుట్టేసి పక్కకి వెళ్తా. చెరువు ఎవరిదో కనుక్కుని, అడిగాకే దిగుతా. లూర్‌కి ఒక్క గాలమే, ముల్లు నొక్కేసి. వదిలే చేపని తడి చేత్తో పట్టుకుని, ఫోటో ఒక్కటే తీసి, వెంటనే నీళ్లలో పెడతా. లూర్ చెట్టుకి తగులుకుంటే దారం తెంపేసి రాకుండా వీలైనంత వరకు తెచ్చుకుంటా. దారంలో కొంగ కాలు చిక్కుకోవడం నేను చూశా.

ఆ పెద్దాయన ఇప్పుడు నాతో మాట్లాడతాడు. పోయిన చలికాలం నా చెప్పు కప్పని చేతిలో తిప్పి తిప్పి చూసి, "దీని ముక్కు ఇంకొంచెం పైకి లేపు, తామరాకుకు తట్టుకుంటది" అన్నాడు. ఆ సలహా వల్లే ఇందాక మీకు చూపించిన ముక్కు ఆకారం వచ్చింది.

సరే ఫ్రెండ్స్, ముందు చెంచాతో మొదలుపెట్టండి, తర్వాత నట్టు జిగ్, ఆ తర్వాత చెప్పు కప్ప. ఇంట్లో చిన్న పిల్లలుంటే గాలాలు మూత ఉన్న డబ్బాలో పెట్టండి. మీ మొదటి లూర్ బకెట్లో మునిగిపోతే దిగులు పడకండి, నావి ఆరు మునిగాయి. వచ్చే ఎపిసోడ్‌లో జడ దారానికి ఏ ముడి వేయాలో, ఏ ముడి ఎందుకు జారిపోతుందో చూద్దాం. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.